వంటింటి సందేహాలు: పులుసు వండే చేతితో స్టీక్

ప్రశ్న: నేను విజయనగరంలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలు దసరా సెలవులకు వచ్చినప్పుడు, ఈ ఒక్క రాత్రి వంట నాదని చెప్పి, స్టీక్ (మందంగా కోసి పెనం మీద కాల్చిన మాంసం ముక్క), దాని మీదికి ఆకుల సాస్, పక్కన మెదిపిన చిలగడదుంపలు తయారు చేసింది. ఫోనులో చూపిన పద్ధతినే తు.చ. తప్పకుండా పాటించిందని మా ఇంటావిడ సాక్ష్యం. అయినా వేట మాంసం చెప్పు తోలులా సాగింది, సాస్ నల్లబడి చేదెక్కింది, చిలగడదుంప జావలా జారిపోయింది. పిల్ల చిన్నబుచ్చుకుని ఆ రాత్రి పెరుగన్నం తిని పడుకుంది. సంక్రాంతికి మళ్ళీ వస్తోంది. మూడూ ఒకేసారి ఎందుకు చెడిపోయాయి? అసలు వేట మాంసంతో స్టీక్ చేయవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం)

జవాబు: మాస్టారూ, ముందుగా మీ మనవరాలిని తప్పు పట్టవద్దని మనవి. ఆ అమ్మాయి చూసిన పద్ధతి తప్పు కాదు, అది వేరే మాంసం కోసం రాసిన పద్ధతి. స్టీక్ అన్న మాటకు మూలం కాల్చిన మాంసం అనే అర్థమున్న, స్కాండినేవియా వారి పాత నార్స్ భాషలోని మాట. అందులో ఏ జంతువు పేరూ లేదు. అయితే పాశ్చాత్య దేశాలలో ఆ మాట వినగానే పశుమాంసమే స్ఫురిస్తుంది. బాగా మేపిన పశువు వెన్ను పక్కన, పెద్దగా శ్రమ ఎరుగని కండను, కొవ్వు సన్నని దారాలుగా అల్లుకుని ఉన్నదాన్ని ఎంచుకుని, చల్లని గదిలో రెండు మూడు వారాలు నిలవ ఉంచి మరీ అమ్ముతారు. మన రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం 1977 నుంచి ఉన్నది, మన ఇళ్ళలో ఆ అలవాటూ తక్కువ. కనుక మనకు స్టీక్ అంటే వేట మాంసమో చేపో అవుతుంది. వేట మాంసంతో నిక్షేపంగా చేయవచ్చు. కాకపోతే ఆ పొద్దున కోసిన మాంసాన్ని ఆ పూటే పెనం మీద వేసి, అక్కడివారి పశుమాంసంలా మెత్తబడమంటే అది మన మాట వినదు.

మూడూ ఒకేసారి చెడడానికి ముఖ్య కారణం ఒక్కటే అని నాకు తోస్తోంది. అది నీరు. మనది పులుసుల వంట. ముక్క గట్టిగా ఉంటే ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తాము, మాడుతుంటే నీళ్ళు చిలకరిస్తాము, ఉప్పెక్కువైతే నీళ్ళతో సర్దుతాము. ఆ చేతివాటం కూరకు ఎంత మేలు చేస్తుందో ఈ వంటకు అంత కీడు చేస్తుంది. సాస్ గురించి, దుంప గురించి మరో ఇద్దరు పాఠకులు విడిగా అడిగారు కనుక అవి కింద చూడండి. ఇక్కడ మాంసం సంగతి చెబుతాను.

మన ఇళ్ళలో మాంసం తేగానే పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్ళలో కడిగి చిల్లుల గిన్నెలో వేస్తాము. కూరకు అది చాలు. స్టీక్‌కు మాత్రం కడిగిన ముక్కను పాత నూలుపంచె మడతల మధ్య పెట్టి, రొట్టె అదిమినట్లు అరచేత్తో అదమాలి. గుడ్డ తడిసిపోతే పొడి మడత మార్చి మళ్ళీ అదమాలి. వేలితో ముట్టుకుంటే వేలికి చెమ్మ అంటకూడదు. ఎందుకింత పట్టుదల అంటే, ముక్క మీద తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటదు. పెనం వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మనం ఆశించే గోధుమ రంగు, కమ్మని కాలిన వాసన రావాలంటే ఉపరితలం సుమారు 140 డిగ్రీలు దాటాలి. మాంసకృత్తుల తునకలకూ చక్కెరలకూ మధ్య జరిగే ఈ మార్పును ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయ్యార్ 1912లో వివరించాడు కనుక దానికి ఆయన పేరే నిలిచింది. తడి ముక్క ముందు ఉడుకుతుంది, తరువాత ఎండుతుంది, ఆఖరున కాలుతుంది. అప్పటికి లోపల రసం మిగలదు.

దీనికి కొలత చెవిలోనే ఉంది. బాగా కాలిన ఇనుప పెనం మీద పొడి ముక్క వేయగానే చుయ్యిమని మోత వస్తుంది, ఆ మోత సన్నగిల్లకుండా సాగుతుంది. రెండు నిమిషాలకే అది బుడబుడల్లోకి దిగి, ముక్క చుట్టూ బూడిద రంగు నీరు ఊరుతోందంటే పెనం చాలినంత కాలలేదనో, ముక్కలు ఎక్కువ పడ్డాయనో అర్థం. పెనానికి రెండు ముక్కలకు మించి వేయవద్దు. నాన్‌స్టిక్ పెనం ఈ వేడికి పనికిరాదు. ఏళ్ళ తరబడి అట్లు పోసి నల్లగా నిగనిగలాడే మీ ఇంటి దోసెల పెనం ఇందుకు శ్రేష్ఠం. నూనె పెనంలో పోయకుండా ముక్కకే రాయండి. శుద్ధి చేసిన వేరుశెనగ నూనె అయితే అంత వేడికీ తట్టుకుంటుంది. వెన్నలోని పాల పదార్థం మాత్రం మాడిపోతుంది కనుక వెన్న వేయాలనిపిస్తే చివరి అర నిమిషంలో వేయండి.

ఇక ముక్క సాగడం గురించి. ఆదివారం తెల్లవారుజామున కోసిన మాంసాన్ని ఎనిమిదింటికి తెచ్చి పది గంటలకు వండడం మనకు అలవాటు. ప్రాణం పోయిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకుంటాయి, ఆ బిగువు సడలడానికి ఒక రోజైనా పడుతుంది. బిగిసి ఉన్న మాంసం గంటసేపు ఉడికే కూరలో లొంగుతుంది గాని, ఆరు నిమిషాలు కాలే పెనం మీద లొంగదు. కనుక ఒకటి రెండు రోజుల ముందే తెచ్చి, గిన్నెలో వేసి వదులుగా మూతపెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తేగానే ఫ్రీజర్‌లోకి మాత్రం తోయవద్దు. బిగువు రాకముందే గడ్డకట్టిన మాంసం కరిగేటప్పుడు మరింత ముడుచుకుపోయి, నీరంతా వదిలేస్తుంది. ఉప్పు సంగతీ ఇలాంటిదే. ఉప్పు రాసిన పది నిమిషాలకు ముక్క మీద నీరు ఊరుతుంది, ముప్పావు గంట గడిస్తే ఆ నీరు ఉప్పును కరిగించుకుని తిరిగి లోపలికి ఇంకుతుంది. కనుక ఉప్పు రాస్తే ముప్పావు గంట ముందు రాయాలి, లేదా పెనం మీద వేసే క్షణంలో రాయాలి. నడిమి వేళ రాయడమే చేటు.

మాంసం దుకాణంలో నోరు తెరిచి అడగకపోతే కూర ముక్కలే కొట్టి ఇస్తారు. కాస్త రద్దీ తగ్గాక వెళ్ళి, లేత పోతు మాంసంలో వెన్ను పక్కనుండే చాప్స్ కావాలని, చిన్న ముక్కలు చేయకుండా ఎముకతో సహా అంగుళం మందాన కోయమని చెప్పండి. మనిషికి రెండు చాలు. తొడ మాంసం చూడడానికి ఘనంగా ఉంటుంది గాని, నడిచి నడిచి గట్టిపడిన కండ అది. అందులో పొరలుగా ఉండే కొలాజెన్ అనే గట్టి మాంసకృత్తి కరగడానికి చాలాసేపు వేడి కావాలి. తొడే దొరికితే వరస మార్చండి. ముక్కలకు ఉప్పు రాసి కుక్కరులో అడుగు తడిసేంత నీటితో సన్నని సెగ మీద మెత్తబడేదాకా మగ్గించి, తీసి చల్లార్చి, పైన చెప్పినట్లు గుడ్డతో అద్ది, మండే పెనం మీద ఒక్కో వైపు నిమిషం కాల్చండి. పచ్చి బొప్పాయి ముద్ద మన పెద్దలు వాడినదే. అరకిలోకు ఒక చిన్న చెంచా, అరగంట సేపు చాలు. రాత్రంతా ఉంచితే పైపొర పిండిలా రాలుతుంది, లోపల మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

అంగుళం మందం చాప్స్‌కు వైపుకు మూడు నిమిషాలు లెక్క వేసుకుని, నిమిషానికొకసారి తిప్పుతూ ఉండండి. ఒక్కసారే తిప్పాలన్న నియమం వట్టిది. అలాగే పైన పొర కడితే లోపలి రసం బయటికి పోదన్న మాట కూడా 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వల్ల ప్రచారంలోకి వచ్చి, ఆ తరువాత తప్పని తేలినదే. మనం కాల్చేది రుచి కోసం. వంటింటి థర్మామీటరు ఉంటే ముక్క నడుమ గుచ్చి చూడండి. 63 డిగ్రీలు చూపగానే దించి, వెచ్చని పళ్ళెంలో కనీసం మూడు నిమిషాలు, వీలైతే ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. దించిన తరువాత కూడా లోపలి వేడి మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది, పరుగెత్తే రసం కొంత చిక్కబడి ముక్కలోనే నిలుస్తుంది. పళ్ళెంలోకి దిగే ఎర్రని నీరు చూసి మీ ఇంటావిడ నెత్తురని అనుమానించవచ్చు. అది నెత్తురు కాదు, కండకు రంగునిచ్చే మయోగ్లోబిన్ కలిసిన నీరు. అయినా గులాబి రంగు చూస్తే ముద్ద దిగని వారికి, గర్భిణులకు, మరీ వయసు మళ్ళిన వారికి 70 డిగ్రీలు దాటనిచ్చి, నారకు అడ్డంగా సన్నగా కోసి పెట్టండి. నార వెంబడి కోస్తే నమిలే వాడికి నారంతా మిగులుతుంది, అడ్డంగా కోస్తే ఆ పని కత్తే చేసి పెడుతుంది. పంటి కష్టం సగం తీర్చేది ఈ కోతేనని నా అనుభవం.

ప్రశ్న: పార్స్‌లీ, ఒరెగానో, థైమ్ అని రాసి ఉన్న ఆకులు శ్రీకాకుళంలో నాకు దొరకడం లేదు. కొత్తిమీరతో చేస్తే పచ్చడి అయిపోయిందని పిల్లలు నవ్వారు, పైగా గంటకే రంగు మారింది. ఆకుల సాస్‌కూ పచ్చడికీ తేడా ఏమిటి? (గృహిణి, శ్రీకాకుళం)

జవాబు: అమ్మా, నవ్విన పిల్లలకు చెప్పండి, కొత్తిమీర, పార్స్‌లీ ఒకే కుటుంబపు మొక్కలని. అర్జెంటీనా వారు కాల్చిన మాంసం మీద వేసుకునే చిమిచుర్రి అనే సాస్‌కు పార్స్‌లీ, ఒరెగానో, వెల్లుల్లి, వెనిగర్, నూనె ప్రధానం. ఒరెగానోకు ఆ ఘాటునిచ్చే కార్వాక్రాల్ అనే పదార్థమే మీ పెరటి కుండీలో, బజ్జీలకు తప్ప గుర్తుకు రాని వామాకులోనూ ఉంది. థైమ్ పరిమళానికి కారణమైన థైమాల్ మన వాములో పుష్కలం. కనుక బజారంతా వెతకనక్కరలేదు.

తేడా మిక్సీలో ఉంది. పచ్చడిని నీళ్ళు పోసి మెత్తగా రుబ్బుతాము, సాస్‌ను నూనెలో నానబెడతాము. రెండు గుప్పెళ్ళ కొత్తిమీరను కాడల సన్నని భాగంతో సహా కడిగి, గుడ్డ మీద పరచి పూర్తిగా ఆరనివ్వండి. దానికి అర గుప్పెడు పుదీనా ఆకులు, రెండు మూడు వామాకులు, మూడు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు చేర్చి, పదునైన కత్తితో చెక్క మీద సన్నగా తరగండి. మొద్దు కత్తి ఆకును నలుపుతుంది, నలిగిన ఆకు నల్లబడుతుంది. తరిగినదాన్ని గిన్నెలోకి తీసి, అర చెంచా ఉప్పు, చిటికెడు నలిపిన వాము, ఆరు పెద్ద చెంచాల నూనె కలిపి అరగంట ఉంచండి. చెంచాతో ఎత్తితే ఆకు ముక్కలు నూనెలో ఈదుతూ కనబడాలి, ముద్దలా అంటుకోకూడదు. గానుగ నువ్వుల నూనె వాసన మిగతావాటిని మింగేస్తుంది కనుక వేరుశెనగ నూనె వాడమంటాను. ఆలివ్ నూనె కొని ఉంటే అదీ మంచిదే గాని, దాన్ని మిక్సీలో తిప్పితే చేదెక్కుతుంది. విజయనగరం మాస్టారి మనవరాలి సాస్ చేదుకు కారణం బహుశా అదే అయి ఉంటుంది.

రంగు మారడానికి పులుపు కారణం. ఆకుపచ్చదనాన్నిచ్చే పత్రహరితం పులుపు తగిలితే మెల్లగా మట్టిరంగుకు తిరుగుతుంది. నిమ్మరసం గాని వెనిగర్ గాని ముందు కలిపి పెట్టకుండా, విస్తట్లో వడ్డించే ముందు ఒకటిన్నర చెంచా కలపండి. ఇంకో మాట, దీనికి పోపు పెట్టవద్దు. ఆవాలు చిటపటమన్న మరుక్షణం అది మళ్ళీ పచ్చడే అవుతుంది, మీ పిల్లలు మళ్ళీ నవ్వుతారు. కాస్త చిక్కదనం కావాలంటే నాలుగు పలాస జీడిపప్పులు దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి కలపండి, వేట మాంసానికి బాగా నప్పుతుంది.

ప్రశ్న: బంగాళాదుంపలా ఉడికించి, పాలు పోసి మెదిపితే చిలగడదుంప జారుగా, పీచుగా వస్తోంది. తీపి కూడా చప్పబడుతోంది. (పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: పేరులో దుంప అని ఉన్నా చిలగడదుంపకు బంగాళాదుంపతో చుట్టరికం లేదు. అది తూటికూర జాతి తీగకు వేరు. (రాయలసీమ పాఠకులు గెనుసుగడ్డ అని చదువుకోగలరు.) బంగాళాదుంప పిండి పాలను పీల్చుకున్నట్లు ఇది పీల్చుకోదు. ముక్కలు కోసి నీళ్ళలో వేసిన దుంప అప్పటికే నీరు తాగి ఉంటుంది, దాని మీద పాలు పోస్తే జారక ఏం చేస్తుంది?

తీపి కథ ఇంకా ఆసక్తికరమైనది. ఈ దుంపలో పిండిని మాల్టోస్ అనే చక్కెరగా మార్చే ఎంజైము ఒకటి ఉంది. అది సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడి దగ్గర చురుకుగా పనిచేసి, ఆ పైన నశిస్తుంది. కుక్కరులో దుంప ఆ వేడిని త్వరగా దాటేస్తుంది, ఎంజైముకు పని చేసే వ్యవధి చాలదు. పొయ్యి కింద బూడిదలో కప్పెట్టిన దుంప గంటసేపు నెమ్మదిగా వేడెక్కుతుంది కనుకనే మన చిన్నతనంలో ఆ దుంప చీలిన చోట తేనెలాంటి జిగురు కారి, బూడిద ఊదుకుంటూ తినేవాళ్ళము. ఇప్పుడు పొయ్యిలు లేవు. ఓవెన్ ఉంటే తొక్కతోనే, కోయకుండా, 180 డిగ్రీల వద్ద గంటసేపు కాల్చండి. లేకపోతే అడుగు మందంగా ఉన్న మూకుడులో దుంపలు పరచి, బరువైన మూతపెట్టి, సన్నని సెగ మీద అప్పుడప్పుడు దొర్లిస్తూ ఉంచండి. అదీ కుదరకపోతే ఇడ్లీపాత్రలో ఆవిరి మీద ఉడికించండి, ఎట్టి పరిస్థితిలోనూ నీళ్ళలో మాత్రం వేయకండి.

వేడి తగ్గకముందే తొక్క తీసి పప్పుగుత్తితో మెదపండి. ఈ పనికి దాన్ని మించిన పరికరం ఏ దేశంలోనూ లేదని నా గట్టి నమ్మకం. మెదుపుతుంటే పప్పుగుత్తికి చుట్టుకున్న పీచును వేళ్ళతో లాగి తీసేయండి. అరకిలో దుంపకు రెండు చెంచాల వెన్న, ఉప్పు, దంచిన మిరియాలు చాలు. పాలు తప్పదనుకుంటే వేడివి, ఒక్కో చెంచా చొప్పున పోయండి. ఆఖరున నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తీపి మొహం మొత్తదు. ఎర్ర తొక్క, తెల్ల కండ ఉన్న దుంప పొడిగా, పిండి పిండిగా మెదుగుతుంది. నారింజ రంగు కండ ఉన్నది మెత్తగా ఉంటుంది గాని, విటమిన్ ఏ గా మారే బీటా కెరోటిన్ అందులో ఎక్కువ. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ వారి భూ సోనా అటువంటి రకమే. విత్తనపు తీగ దొరికితే పెరట్లో వేసుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం గమనించవలసిన సంగతి ఒకటుంది. కాల్చిన చిలగడదుంప రక్తంలో చక్కెరను ఉడికించినదానికన్నా త్వరగా పెంచుతుంది. రుచి తగ్గినా వారికి ఉడికించినదే, అదీ కొద్దిగా పెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో మాంసం తినరు, చేప తింటారు. వంజరం ముక్కను స్టీక్ అనవచ్చా? (పాఠకుడు, టెక్కలి)

జవాబు: నిస్సందేహంగా అనవచ్చు. చేపను ఎముకతో సహా అడ్డంగా కోస్తే స్టీక్, నిలువునా ఎముక నుంచి విడదీస్తే ఫిల్లెట్ అని వ్యవహారం. మన పులుసు ముక్క కోతే స్టీక్ కోత, మందం మాత్రం ముప్పావు అంగుళానికి తగ్గనివ్వకండి. మీకు భావనపాడు తీరం దగ్గరే కనుక తాజా చేపకు లోటుండదు. తడి అద్దడం, పెనం కాలడం అన్నీ పైన చెప్పినట్లే. తేడా ఏమంటే, ముక్క పెనాన్ని తనంతట తాను వదిలేదాకా అట్లకాడ పెట్టవద్దు. మూడు నిమిషాలకు వదులుతుంది, తిప్పాక రెండు నిమిషాలు చాలు. ముల్లు దగ్గర కండ అద్దంలా కాక పాలలా తెల్లబడితే ఉడికినట్లే. చేపకు విశ్రాంతి అక్కరలేదు, వెంటనే వడ్డించండి.

ప్రశ్న: మూడూ ఒకేసారి వేడిగా బల్ల మీదికి రావాలంటే ఏది ముందు చేయాలి? మిగిలిన సాస్ ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది? (విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: తొమ్మిదింటికి భోజనం అనుకుంటే ఏడున్నరకు దుంపలు సెగ మీద పెట్టు. ఎనిమిదింటికి మాంసానికి ఉప్పు రాసి, ఆకులు తరిగి నూనెలో వెయ్యి. ఎనిమిదీ నలభైకి దుంపలు మెదిపి, ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టు. పెనం ఎనిమిదీ నలభై ఐదుకు వేడెక్కనిచ్చి, పది నిమిషాల తక్కువ తొమ్మిదికి ముక్క వేస్తే, కాలడానికీ విశ్రాంతికీ సరిగ్గా సరిపోతుంది. ముక్క విశ్రమించే ఐదు నిమిషాల్లోనే సాస్‌లో నిమ్మరసం కలుపు. పెనం పొగ కక్కుతుంది కనుక కిటికీలు ముందే తెరిచి పెట్టుకోవడం మరువకు.

సాస్ విషయంలో నిర్లక్ష్యం వద్దు. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లికి గాలి తగలదు, అటువంటి చోట బయటి వేడిలో బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగగలదు. ఆవకాయలో వెల్లుల్లి ఏడాది ఉంటుంది కదా అంటావేమో, అక్కడ కాపాడేది ఉప్పూ పులుపూ. ఈ సాస్‌లో ఆ రెండూ తక్కువ. తిన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెసరట్టు మీద రాసుకుని తినెయ్యండి. రెండు రోజులు దాటినది ఎంత పచ్చగా కనిపించినా పారబొయ్యి.